ఉప్పు మోసిన చిన్న పట్టాలు
నౌపడ కూడలి నుంచి ఉద్దానం తీరం దాకా ఒక రైలుమార్గపు చరిత్ర

హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గంలో శ్రీకాకుళం రోడ్డుకూ పలాసకూ నడుమ ఉన్న నౌపడ జంక్షన్, చారిత్రక రైల్వేస్టేషన్ల గురించి రాసేవారు సాధారణంగా తలచుకునే పేరు కాదు. కాచిగూడకు ఉన్నట్టు దీనికి గుమ్మటాలు లేవు, చెన్నైలోని రాయపురం స్టేషనుకు ఉన్నట్టు బారులు తీరిన స్తంభాలూ లేవు. అయినా 1900 నుంచి 2004 వరకు నూరేళ్ళకు పైగా, వెడల్పులో ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు రైలుమార్గాలు ముఖాముఖి నిలిచిన చోటుగా, సముద్రపు ఉప్పు కొండనాడుకు బయలుదేరిన మొదటి మజిలీగా, ఒక జమీందారీ తన రాజధానిని బయటి లోకంతో ముడివేసుకున్న కొసగా నౌపడకు ఉన్న ప్రాముఖ్యం, కట్టడపు అందంతో పేరుపడిన అనేక స్టేషన్ల ప్రాముఖ్యానికి తీసిపోదు. అందుచేత ఈ స్టేషనును ఒక దర్శనీయ స్థలంగా చూడాలంటే గోడలకన్నా ముందు పట్టాలను, పట్టాలకన్నా ముందు వాటిపై నడిచిన సరుకును తెలుసుకోవలసి ఉంటుంది.

తీరం వెంబడి ప్రధాన మార్గం 19వ శతాబ్దం చివరి దశాబ్దంలో వచ్చింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అనే ప్రభుత్వ సంస్థ 1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా సుమారు 1,287 కిలోమీటర్ల మార్గాన్ని నిర్మించగా, అందులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్–నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. ఈ మార్గం అప్పటి గంజాం జిల్లాలో సముద్రానికీ తూర్పు కనుమలకూ మధ్యనున్న సన్నని మైదానం గుండా సాగింది కాబట్టి, కనుమల వాలులో ఉన్న పట్టణాలు దానికి దూరంగా ఉండిపోయాయి. పర్లాకిమిడి జమీందారీకి రాజధాని అయిన పర్లాకిమిడి పట్టణం అలా దూరంగా మిగిలిన వాటిలో ఒకటి. అక్కడి నుంచి నౌపడకు ఉన్న ఎడం ఇరవై అయిదు మైళ్ళు, అంటే దాదాపు 40 కిలోమీటర్లు.

ఆ ఎడాన్ని పూడ్చడానికి పూనుకున్నవాడు పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి ఇచ్చాక పని మొదలై, 1900 ఏప్రిల్ 1న నౌపడ–పర్లాకిమిడి మధ్య బండ్లు నడవడం ఆరంభమైంది. నిర్మాణానికి అయిన ఖర్చు ఏడు లక్షల రూపాయలు, అంటే మైలుకు సుమారు 28,000. ఇంత తక్కువలో పని ముగియడానికి గల కారణం పర్లాకిమిడి లైట్ రైల్వే అన్న దాని పేరులోనే ఉంది. లైట్ రైల్వే అంటే తేలికపాటి పట్టాలు, తేలిక ఇంజన్లు, తక్కువ వేగం చాలునన్న అంచనాతో వేసిన మార్గం. దాని గేజి, అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం, రెండున్నర అడుగులు లేదా 762 మిల్లీమీటర్లు. ప్రధాన మార్గపు బ్రాడ్‌గేజి అయిదున్నర అడుగులు, అంటే 1676 మిల్లీమీటర్లు. సగానికన్నా తక్కువ వెడల్పు ఉన్న మార్గానికి కట్ట మీద పోయవలసిన మట్టి తగ్గుతుంది, వంతెనలు చిన్నవవుతాయి, కొండ అంచున మలుపు తిప్పడానికి తక్కువ జాగా సరిపోతుంది. పశ్చిమ భారతంలో బార్సీ లైట్ రైల్వే 1897లోనే ఇదే కొలతతో నడక మొదలుపెట్టింది కాబట్టి, పర్లాకిమిడి రాజు ఎంచుకున్నది అప్పటికే అనుభవంలో ఉన్న మార్గమే.

అయితే ఆదా చేసిన ఖర్చులో కొంత భాగం మరో రూపంలో ప్రతిరోజూ చెల్లించవలసి వచ్చింది, ఆ చెల్లింపు జరిగిన చోటు నౌపడ. బ్రాడ్‌గేజి వ్యాగన్ నేరోగేజి పట్టాలు ఎక్కదు, నేరోగేజి పెట్టె బ్రాడ్‌గేజి మీద నిలవదు. కాబట్టి ఎటు నుంచి వచ్చిన సరుకైనా ఇక్కడ దిగి, రెండో బండిలోకి ఎక్కితే తప్ప ముందుకు కదలలేదు. రైల్వే పరిభాషలో ట్రాన్స్‌షిప్‌మెంట్ అని పిలిచే ఈ మార్పిడి, సామాన్య భాషలో చెప్పాలంటే బస్తాలను మనుషులు నెత్తిన, వీపున మోసి ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌లో వేయడమే. పెద్ద మార్గానికి చిన్న మార్గం తగిలే ప్రతి జంక్షనుకూ పక్కపక్కనే నిలిచే రెండు వరసల బండ్లు, వాటి నడుమ సరుకు మార్చే మెరక, గూడ్స్ షెడ్, తూకపు కాటా, మోత కూలీలు తప్పనిసరి. రైల్వే చరిత్ర రాసిన వారు ఇంజన్ల నమూనాలనూ, వాటి తయారీదారులనూ శ్రద్ధగా నమోదు చేసినంతగా ఈ మోత పనిని నమోదు చేయలేదన్నది ఒక లోటు. గేజి మారే కూడలిలో అసలు యంత్రం మనిషి భుజమే.

ఆ బస్తాలలో ఏముందన్న ప్రశ్నకు జవాబు స్టేషను చుట్టూ ఉన్న నేలలో దొరుకుతుంది. నేడు సంతబొమ్మాళి మండలంలో ఉన్న నౌపడ, బ్రిటిష్ పాలన కాలం నుంచీ పేరున్న ఉప్పు కేంద్రం. పోటు మీద ఉప్పుటేరులోకి వచ్చిన సముద్రపు నీటిని కాలువల ద్వారా లోపలికి తోడి, మొదట వెడల్పాటి మడుల్లో ఎండనిచ్చి, చిక్కబడిన కొద్దీ ఇంకా లోతు తక్కువ మడుల్లోకి మళ్ళించి, చివరి మడుల్లో పొర కట్టిన స్ఫటికాలను చెక్క పారలతో ఒడ్డుకు లాగి కుప్ప పోయడం ఇక్కడి పద్ధతి. వానలు వెనుదిరిగిన తరువాత మొదలై, మళ్ళీ తొలకరి పడేదాకా సాగే ఈ పని పూర్తిగా ఎండ మీద, గాలి మీద ఆధారపడినది. ఉప్పు చౌక సరుకు, బరువైన సరుకు; అటువంటి దానిని ఎడ్లబండ్ల మీద కొండదారుల్లో తీసుకుపోతే బాడుగే సరుకు ధరను మించుతుంది. కాబట్టి తీరానికీ కొండకూ మధ్య వేసే ఏ రైలుకైనా ఎగువకు ఉప్పు, దిగువకు ధాన్యమూ అటవీ ఉత్పత్తులూ సహజమైన సరుకులు. ఆ ఉప్పు మీదే ప్రభుత్వ గుత్తాధిపత్యం, పన్ను ఉండడం, 1930లో దేశమంతటా ఉప్పు చట్టాన్ని ధిక్కరించిన ఉద్యమం ఈ తీరాన్ని కూడా తాకడం వేరే కథ అయినా, ఇదే తీరంలోని బారువలో పుట్టిన నాయకుడు గౌతు లచ్చన్న రాజకీయ జీవితానికి ఆ ఉద్యమమే తొలి మెట్టు అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

చిన్న రైలు లాభాలు వెంటనే తీసుకురాలేదు. తొలి దశాబ్దమంతా నష్టాలతో నడిచి, 1910 తరువాత కొద్దిపాటి ఆదాయం చూసి, 1924–25 నుంచి మెరుగుపడింది. ఆ ధైర్యంతోనే తరువాతి తరం రాజు కృష్ణచంద్ర గజపతి మార్గాన్ని వంశధార లోయ వెంట పైకి పొడిగించగా, 1929, 1931 సంవత్సరాలలో రెండు దశలుగా అది గుణుపూర్ చేరి, మొత్తం పొడవు దాదాపు 90 కిలోమీటర్లయింది. సొంతదారు జమీందారే అయినా నడిపే బాధ్యత బెంగాల్–నాగపూర్ రైల్వేది. ఆ కాలంలో సంస్థానాలు, జమీందారీలు వేయించిన చిన్న మార్గాలలో ఇటువంటి ఏర్పాటు కొత్తేమీ కాదు.

రాజ్యం గీసిన గీతలు ఆ తరువాత వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్ళగా, ఇదే మార్గంలోని టెక్కలి, పాతపట్నం ఇటు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడు ఆ కొత్త రాష్ట్రానికి తొలి ప్రధాని అయ్యాడు. అదే పట్టణంలో 1880 నుంచి ఉపాధ్యాయుడుగా ఉండి, వాడుక తెలుగు కోసం పోరాడి, కొండల్లోని సవరల భాష నేర్చి దానికి వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చడానికి నిరసనగా ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరుకున్నాడు. ఇలా ఒకే జమీందారీ వేయించిన, ఒకే గేజిలో నడిచిన, ఒకే అవసరానికి పుట్టిన మార్గం రెండు రాష్ట్రాల సొత్తు అయింది. పాతపట్నం స్టేషను తెలుగు నేల మీద చివరిది. పక్కనే మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడి. (ఇదే పేరుతో ఇంకొక మహేంద్రతనయ ఉంది. రెండూ మహేంద్రగిరి దగ్గరే పుట్టినా, ఒకటి ఇటు వచ్చి వంశధారలో కలుస్తుంది, రెండవది బారువ దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది. పటం చూసేవారు తికమకపడే చోటు ఇది.) విభజన ధోరణి ఇప్పటికీ ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏర్పాటు ప్రకారం నౌపడ–పర్లాకిమిడి భాగం దక్షిణ కోస్తా రైల్వేలోని విశాఖపట్నం డివిజనుకు, పర్లాకిమిడి–గుణుపూర్ భాగం రాయగడ డివిజనుకు కేటాయించారు. 1900లో పర్లాకిమిడి దగ్గర ఆగిపోయిన పట్టాల కొసే, నూటపాతికేళ్ళ తరువాత పాలనాపరమైన హద్దుగా మళ్ళీ తేలడం చరిత్ర చేసే చమత్కారాలలో ఒకటి.

చూసే స్టేషను, చదివే మార్గం

1992లో మొదలైన యూనిగేజ్ విధానం, అంటే దేశంలోని మార్గాలన్నిటినీ వీలైనంత వరకు బ్రాడ్‌గేజికి మార్చాలన్న నిర్ణయం, ఈ మార్గాన్నీ వదలలేదు. చివరి ఏళ్ళలో పొగ ఇంజన్ల స్థానంలోకి డీజిల్ ఇంజన్లు వచ్చినా, 2004 జూన్‌లో నేరోగేజి బండ్లు ఆగిపోయాయి. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజి బండ్లు నడవడం మొదలైంది. ఆ మార్పును ఒక నష్టంగా మాత్రమే చూడడం న్యాయం కాదు. విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళే గుణుపూర్ మనిషికి నౌపడలో దిగి బండి మారవలసిన అవసరం తప్పింది; రూర్కెలా, పూరీ వంటి దూరప్రాంతాలకు నేరుగా రైలు దొరికింది. ఊరి అవసరాన్ని పణంగా పెట్టి ప్రదర్శనకోసం చిన్న రైలును నిలిపి ఉంచమని అడిగే హక్కు ఏడాదికి ఒకసారి వచ్చి ఫొటో తీసుకుపోయే యాత్రికుడికి లేదు.

ఈ సందర్భంలో పారిస్ నగరంలోని ఓర్సే స్టేషనుతో పోలిక ఉపయోగపడుతుంది. నౌపడలో చిన్న రైలు కదిలిన 1900లోనే, విక్టర్ లాలూ రూపకల్పనలో, ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఆ మహాభవనం ప్రారంభమైంది. రైళ్ళు పొడవయ్యేకొద్దీ దాని ప్లాట్‌ఫారాలు చాలక 1939 నాటికి దూరప్రయాణాల బండ్లు అక్కడికి రావడం మానేశాయి. కూల్చివేత ముప్పు తప్పించుకుని 1986లో అది చిత్రకళా ప్రదర్శనశాలగా మారింది. రెండింటికీ కొలత సరిపోకపోవడమే చేటు తెచ్చింది, కాని ఫలితం తలకిందులు. ఓర్సేలో కట్టడం మిగిలి రైలు పోయింది. నౌపడలో రైలు మిగిలి, దాని పాత కొలత పోయింది. కాబట్టి ఓర్సేను నిలబడి చూస్తారు, నౌపడను ప్రయాణిస్తూ చూడాలి. మన దేశంలో స్టేషను పర్యాటకం అనగానే మొదటి రకమే తలపుకు వస్తుంది: 1856లో ప్రారంభమై 2005లో మరమ్మతులు పొందిన రాయపురం, 1916లో నిజాం కాలంలో కట్టిన కాచిగూడ అందుకు తగిన ఉదాహరణలు. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా మార్గాలు 1999, 2005, 2008లలో యునెస్కో గుర్తింపు పొందినప్పుడు మాత్రమే ఒక మార్గం మొత్తం వారసత్వం కాగలదన్న సంగతి ప్రజల దృష్టికి వచ్చింది. ఆ మూడూ కొండ విడుదుల మార్గాలు. ఉప్పుబస్తాల మార్గానికి అటువంటి పలుకుబడి లేదు.

ప్రస్తుతం నౌపడ జంక్షన్, పలాస, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లు 2022 చివరలో ప్రకటించిన అమృత్ భారత్ స్టేషన్ల పథకంలో ఉన్నాయి. ఇక్కడ రెండు మాటలను వేరు చేసి చూడాలి. పునరుద్ధరణ అంటే ఉన్నదానిని దాని పూర్వరూపానికి, వాడిన పదార్థానికి, కట్టిన పద్ధతికి కట్టుబడి బాగుచేయడం. పునరభివృద్ధి అంటే ఇవాళ్టి ప్రయాణికుల అవసరానికి తగ్గట్టు స్టేషనును కొత్తగా తీర్చిదిద్దడం. పథకం లక్ష్యం రెండవది: నిరీక్షణ గదులు, మరుగుదొడ్లు, లిఫ్టులు, రాకపోకల దారులు. అవి అవసరమైనవే. అయితే రెండింటినీ కలిపి ఒకే పేరుతో వ్యవహరించినప్పుడు, కొత్త ముఖద్వారం మీద నాలుగు చారిత్రక బొమ్మలు అతికించి చరిత్రను కాపాడామని చెప్పుకోవడం సులువవుతుంది. నౌపడ విషయంలో కాపాడవలసింది ముఖద్వారం కానే కాదు. రెండు గేజిలు ఎదురెదురుగా నిలిచిన జాగా ఎక్కడ, సరుకు మార్చిన మెరక ఎక్కడ, చిన్న పట్టాలు ఏ వంపున టెక్కలి వైపు తిరిగాయి అన్నవి నేల మీద గుర్తించి చూపడం, పక్కపక్కనే 762, 1676 మిల్లీమీటర్ల కొలతల్లో రెండు జతల పట్టాల ముక్కలు పరచి ఉంచడం, వాటి నడుమ ఒక ఉప్పుబస్తా బరువును బడిపిల్లలు ఎత్తి చూసే వీలు కల్పించడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. స్థానిక సరుకును స్టేషనులోనే అమ్మించే ‘ఒక స్టేషన్–ఒక ఉత్పత్తి’ పథకానికి నౌపడలో ఏ సరుకు తగునో వేరే చెప్పనక్కరలేదు. ఉప్పు ప్రస్తావన లేని నౌపడ, ఉప్పు లేని పప్పు వంటిదే.

నౌపడ దాటి గుణుపూర్ వైపు సాగే బండి మొదట టెక్కలి చేరుతుంది. నేడు రెవెన్యూ డివిజన్ కేంద్రమూ, నీలి గ్రానైటుకు పేరుపడిన ఊరూ అయిన టెక్కలి తరువాత పెద్దసాన, తెంబూరు, గంగువాడ మీదుగా మార్గం పాతపట్నం వెళుతుంది. గేజి మార్చేటప్పుడు చాలా వరకు పాత దారినే అనుసరించారు కాబట్టి, కిటికీలోంచి కనిపించే వరిచేలు, తాటిచెట్లు, దూరాన క్రమంగా పైకి లేచే కనుమల వరస నూరేళ్ళ కిందటి ప్రయాణికుడు చూసినవే. తీరపు ఉప్పుగాలి నుంచి కొండ నీడలోకి ఒక్కపూటలో జరిగే ఈ మార్పే ఈ మార్గంలోని అసలు దృశ్యం. పాతపట్నంలో నీలమణి దుర్గ అమ్మవారి గుడి ఉంది. ఒడిశా వైపు నుంచి కూడా భక్తులు వచ్చే ఆ గుడి దగ్గర రెండు భాషలూ సమానంగా వినిపిస్తాయి.

తిరుగు ప్రయాణంలో టెక్కలికి దగ్గరలోని తేలినీలాపురం చూడదగినది. గూడబాతులు అని పిలిచే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని వేసవి ముదిరే వేళకు వెళ్ళిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయన్నది స్థానికంగా బలంగా పాతుకున్న నమ్మకం. అయితే ఇక్కడ గూడు కట్టే గూడబాతు జాతి దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందినదే కాబట్టి, పక్షిశాస్త్రం ఆ నమ్మకాన్ని సమర్థించదు. నౌపడ చుట్టూ ఉన్న ఉప్పుటేరు, చిత్తడి నేలల్లో దొరికే చేపలే వాటిని ఇక్కడికి రప్పించే ఆకర్షణ. ఉప్పును పండించిన నీరే పక్షులనూ పోషిస్తున్నది. నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట ఓడరేవు నిర్మాణానికి 2023లో శంకుస్థాపన జరిగింది. రేవుకు రైలు కావాలి, దానికి దగ్గరి జంక్షన్ నౌపడే. అంటే సరుకు మార్పిడి ఈ నేలకు మళ్ళీ రానుంది, కాకపోతే ఈసారి మోసేది భుజం కాదు.

ప్రధాన మార్గం మీద నౌపడకు ఉత్తరాన పూండి, ఆ తరువాత పలాస. ఉద్యానవనం అన్న మాట నుంచి పేరు పొందినదిగా చెప్పే ఉద్దానం ఇక్కడి నుంచి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా పరచుకున్న కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు నేలకొరిగిన కొబ్బరిచెట్ల స్థానంలో నాటిన మొక్కలు ఇంకా ఎదుగుతున్నాయి. కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి ఈ పల్లెలను దశాబ్దాలుగా పీడిస్తున్నది, దానికోసమే పలాసలో 2023లో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. పచ్చదనం చూసి మురిసిపోయే యాత్రికుడు ఈ రెండింటినీ తెలుసుకోకుండా వెళ్ళరాదు. పలాస రైలుకు రుణపడిన ఊరు. అఖిల భారత కిసాన్ సభ 1940 మహాసభకు ఈ చిన్న ఊరు వేదిక కావడంలో, దేశం నలుమూలల నుంచి ప్రతినిధులు నేరుగా దిగగల ప్రధాన మార్గం మీద అది ఉండడానికి పాత్ర లేదనలేము. అదే ఏడు మందస జమీందారీలో అడవి హక్కుల కోసం రైతులు తిరగబడడం, పోలీసు కాల్పుల్లో వారిలో ఒకరైన గున్నమ్మ చనిపోవడం ఆ మహాసభ వేడి చల్లారకముందే జరిగాయి.

జీడిపరిశ్రమ కూడా రైలు వల్ల విస్తరించినదే. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చిన ఈ చెట్టు ఇసుకనేలలో నిలదొక్కుకోగా, తోటల నుంచి వచ్చిన జీడిపిక్కలను పలాస–కాశీబుగ్గ జంటపట్టణంలోని కర్మాగారాలు ఉడికించి, పగలగొట్టి, పొర తీసి, పరిమాణాన్ని బట్టి వేరు చేస్తాయి. పెట్టెల మీద కనిపించే 210, 240, 320 అంకెలు నాణ్యతకు పేర్లు కావు. ఒక పౌను బరువుకు సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే లెక్కలు. అందుకే అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది.

ఈ ప్రయాణానికి కాలం ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. వానాకాలంలో ఉప్పు మడులు చెరువుల్లా ఉంటాయి, వేసవి చివర పక్షులు ఉండవు. జనవరి మొదలు మార్చి వరకు మాత్రం నౌపడ మడుల్లో ఉప్పు పొర కడుతుంది, తేలినీలాపురం చింతచెట్ల మీద పిల్లలు రెక్కలు సాచుతుంటాయి, ఉద్దానంలో జీడిమామిడి పూతకొస్తుంది. మార్చి దాటాక పక్షులు ఒకటొకటిగా లేచిపోతుండగా, పలాస వ్యాపారుల కాటాల మీదికి కొత్త పిక్కల బస్తాలు రావడం మొదలవుతుంది.